పంపు కొనేముందు ఒక బకెట్

పై అంతస్తులో షవర్ సన్నగా వస్తోందని శంషాబాద్ వైపు ఎవరు చెప్పినా, ట్యాంకు ఎక్కడ పెట్టారని అడుగుతాను. ఒత్తిడంతా ఎత్తులోనే ఉంది. పది మీటర్లు కిందికి దిగిన నీటికి దాదాపు ఒక బార్ ఒత్తిడి వస్తుంది. టెర్రస్ స్లాబు మీదే ట్యాంకు పెట్టేస్తే, దాని కిందనున్న షవర్‌కు దక్కే ఎత్తు మీటరు, మహా అయితే రెండు మీటర్లు. గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లకు అదే ట్యాంకు నీళ్లు జోరుగా పడతాయి.

దిమ్మె కట్టి ట్యాంకును పైకి లేపొచ్చు కదా అంటారు. మూడడుగులు లేపితే పెరిగేది 0.1 బార్ కూడా కాదు. వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు, దాన్ని మోసే పిల్లర్లు కావాలి. పైగా ఇది ఎయిర్‌పోర్టు పక్క ఊరు. విమానాల దారికి అడ్డు రాకుండా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఇచ్చే ఎన్‌ఓసీలో భవనం ఎత్తుకు హద్దు ఉంటుంది, పైనున్న నీళ్ల ట్యాంకు కూడా ఆ హద్దులోపలే ఉండాలి. రెండంతస్తుల ఇంటికి ఆ ఇబ్బంది రాకపోవచ్చు గానీ, అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు మరిచిపోకూడని సంగతి.

ఇక పంపేనా? ఆగండి. షవర్ హెడ్ విప్పి, ఆ పైపు కింద బకెట్ పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. హెడ్ బిగించి మళ్లీ చూడండి. తేడా బాగా కనిపిస్తే తప్పు ఒత్తిడిది కాదు, హెడ్‌ది. మన బోరు నీళ్లకు ఆ రంధ్రాల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెడితే కరుగుతుంది. నాకు నచ్చే ప్లంబర్ ఈ పనంతా చేశాకే పంపు మాటెత్తుతాడు.

రెండుసార్లూ ధార నీరసంగానే ఉంటే, వాల్వులన్నీ పూర్తిగా తెరిచి ఉన్నాయని చూసుకున్నాక, పంపు పెట్టాల్సిందే. ఇక్కడే తొందరపడతారు. చవకగా దొరికే రకం నీటి ప్రవాహాన్ని పసిగట్టి ఆన్ అవుతుంది. పై అంతస్తులో ఆ ప్రవాహమే బలహీనం, ఒక్కోసారి పంపు మేలుకోదు. అక్కడ ప్రెషర్ స్విచ్ ఉన్నదే నయం. చన్నీళ్ల లైను ఒక్కదానికే పెడితే మిక్సర్‌లో చన్నీళ్లు వేన్నీళ్లను వెనక్కి నెట్టేస్తాయి, కాబట్టి రెంటికీ ఒకే ఒత్తిడి అందాలి. గీజరు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో దాని ప్లేటు మీద చదవాలి. సోలార్ హీటర్లలో చాలావాటి ట్యాంకు ఒత్తిడికి ఆగదు. అలాంటి ఇంట్లో పంపు హీటరుకు ముందు కాదు, తర్వాత రావాలి. కరెంటు పోయినా నీళ్లు దిగేలా నాన్ రిటర్న్ వాల్వుతో బైపాస్ లైను వేయించండి. పంపు మోత తగ్గేలా దాని కింద రబ్బరు ప్యాడ్లు మరవద్దు: ఎయిర్‌పోర్టులో రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునేవాళ్లు ఈ ఇళ్లలో ఎందరో.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. పంపు మన ట్యాంకు నుంచే లాగాలి, వీధి నల్లా నుంచి కాదు. నల్లాకు మోటారు బిగిస్తే చివరి ఇంటికి చుక్క అందదు. లైనులో ఎక్కడైనా పగులుంటే మురుగు లోపలికి లాక్కుంటుంది, ఆ నీళ్లే అందరూ తాగుతారు. 2025 ఏప్రిల్‌లో జలమండలి ఇలాంటి మోటార్లను పట్టుకుని, 5,000 రూపాయల జరిమానా వేయడం మొదలుపెట్టింది. మంచి పని చేసింది.

పంపు నీళ్లను పుట్టించదు, త్వరగా ఖాళీ చేస్తుంది. ఒత్తిడి పెరిగాక పెద్ద షవర్ నిమిషానికి పదిహేను లీటర్లు తేలిగ్గా పారబోస్తుంది. అందుకే పంపుతోపాటు నిమిషానికి ఎనిమిది లీటర్లు దాటని హెడ్ కొనమంటాను. సూదుల్లాంటి ధారతో స్నానం హాయిగానే సాగుతుంది, ఎండాకాలంలో ట్యాంకరుకు ఫోన్ చేయడం ఒక రోజైనా వెనక్కి జరుగుతుంది.