ఆటబొమ్మల అరల్లో ఆడా మగా

1981లో లెగో కంపెనీ వేయించిన ఒక ప్రకటనలో నీలం జీన్సు తొడుక్కున్న ఎర్రజుట్టు పాప, తాను ఇటుకలతో కట్టినదాన్ని పట్టుకొని నవ్వుతూ ఉంటుంది. అందులో అందం ప్రస్తావన ఉంది. అయితే అది పాప రూపం గురించి కాదు, ఆమె కట్టిన వస్తువు గురించి. 2012లో అదే కంపెనీ బాలికలను ఉద్దేశించి 'లెగో ఫ్రెండ్స్' విడుదల చేసింది. లేత ఊదా, గులాబీ రంగులు, సన్నని బొమ్మలు, బ్యూటీ షాపు, కెఫే వచ్చాయి. పశువైద్యశాల, ఒక పరిశోధనశాల కూడా లేకపోలేదు. అమ్మకాలు బాగా సాగాయి. కానీ అంతకుముందు అందరివీ అయిన ఇటుకల్లో ఆడపిల్లలకు వేరే వాటా ఎందుకు అవసరమైంది?

పిల్లల స్వభావమే అంత అన్నది తరచుగా వినిపించే జవాబు. సామాజిక శాస్త్రవేత్త ఎలిజబెత్ స్వీట్ సియర్స్ క్యాటలాగులపై చేసిన పరిశీలన ఈ జవాబును నిలవనివ్వదు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో చీపురు బాలికకు, నిర్మాణ సామగ్రి బాలుడికి అన్న క్యాటలాగే, 1975 నాటికి నూటికి రెండు బొమ్మలను కూడా బాహాటంగా ఒకరికే కేటాయించలేదు. 1995 నాటికి సుమారు సగం బొమ్మలు మళ్ళీ విడిపోయాయి. ఇరవై ఏళ్ళలో మారింది పిల్లల స్వభావం కాదు, అమ్మకపు పద్ధతి. 1984లో అమెరికాలో పిల్లల టీవీపై నియంత్రణ సడలడంతో, బొమ్మలను అమ్మిపెట్టే కార్టూన్లు వెల్లువెత్తాయి. వ్యాపారపు లెక్క కూడా తేలికైనదే: అన్న తొక్కిన ఎర్ర సైకిలు చెల్లికి పనికివస్తుంది, చెల్లికి గులాబీ రంగుదే కావాలంటే మరొకటి కొనాలి.

తెలుగునాట పాత బొమ్మలకు ఈ దోషం అంటలేదనుకోవడమూ పొరపాటే. లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు ఆడపిల్లల ఆట, బొంగరం మగపిల్లలది. అయితే ఏటికొప్పాకలో పిడతకూ బొంగరానికీ పూసేది ఒకే లక్క. భేదం ఆచారంలో ఉంది, వస్తువు మీద ముద్రగా పడలేదు.

2024 జనవరి నుంచి కాలిఫోర్నియాలోని పెద్ద దుకాణాలు ఆడా మగా భేదం లేని బొమ్మల విభాగం ఒకటి ఉంచాలని చట్టం చెబుతోంది. ఇది మంచి చర్యే. అయితే పాత విభాగాలను అది నిషేధించలేదు. పైగా అర మీది బోర్డు తీసినా, పెట్టె రంగు ఆ మాట చెబుతూనే ఉంటుంది.

సంస్కరణ ఒక వైపే సాగడం ఇంకా పెద్ద లోపం. 2021లో లెగో చేయించిన అధ్యయనంలో, ఇతరుల బొమ్మతో ఆడితే ఎగతాళి చేస్తారని భయపడిన బాలికలు 42 శాతం, బాలురు 71 శాతం. కూతురికి రోబో కిట్ కొనడం నేడు విద్యావంతుల ఇళ్ళలో గర్వకారణం. కొడుక్కి వంట సామాను సెట్టు కొనడానికి మాత్రం ఆ ఇళ్ళే తటపటాయిస్తాయి. ఆ తటపటాయింపు ఉన్నంతకాలం వంటా, పసిపిల్లల పెంపకమూ తక్కువ పనులన్న పాత తీర్పు చెక్కుచెదరదు. ఆ తీర్పును కొడుకూ నేర్చుకుంటాడు, పక్కనే కూర్చుని రోబో బిగిస్తున్న కూతురూ నేర్చుకుంటుంది.