టాగ్వా పూస ఏనుగును కాపాడుతుందా?

ఈక్వెడార్ పశ్చిమ తీరపు అడవుల్లో పెరిగే టాగ్వా మన తాటికి దూరపు చుట్టం. దాని గింజలో లేతప్పుడు నీళ్లుంటాయి. అవి ముంజలా చిక్కబడి, పండి ఎండేసరికి తెల్లటి రాయిలా గట్టిపడతాయి. కోసి సానపడితే అచ్చం దంతపు నిగారింపే. అందుకే ఈ గింజలతో చేసిన పూసలు అమ్మేవాళ్లు ‘ఒక ఏనుగును బతికించండి’ అంటుంటారు. ఆ మాట నాకు మింగుడుపడదు. 19వ శతాబ్దం చివరినుంచి టాగ్వా గింజలు ఓడలకెక్కి యూరప్, అమెరికాలకు వెళ్లి చొక్కా గుండీలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే పియానో మెట్లకీ బిలియర్డ్స్ బంతులకీ ఆఫ్రికా ఏనుగులు కుప్పలుగా కూలాయి. ప్రత్యామ్నాయం బజారులో ఉన్నా వేట ఆగలేదు. ఆగకపోవడంలో వింతేమీ లేదు. కోడిగుడ్డంత గింజలోంచి బిలియర్డ్స్ బంతి రాదు. విశాఖపట్నం పనివాళ్లు ఒకప్పుడు పెట్టెలకు తాపిన దంతపు రేకులూ రావు. పైగా దంతం కొనేవాడు కొనేది తెలుపును కాదు, అరుదైన వస్తువు తన దగ్గరుందన్న దర్జాను. వేటకు కళ్లెం వేయాలంటే చట్టమే కావాలి. మన దేశం 1986లో దేశీయ దంతపు వ్యాపారాన్ని నిషేధించింది. 1989లో అంతర్జాతీయ ఒప్పందం ఆఫ్రికా దంతానికీ తలుపులు మూసింది. దొంగవేట ఇంకా సాగుతూనే ఉంది కాబట్టి చట్టమూ సర్వరోగనివారిణి కాదు, అయినా గింజ చేయలేని పని అది చేసింది.

అలాగని టాగ్వా నగ వృథా అనను. అది కాపాడగలిగేది ఏనుగును కాదు, తన చెట్టును. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్లాస్టిక్ గుండీలు వచ్చి టాగ్వా వ్యాపారాన్ని దెబ్బతీశాయి. గిరాకీ లేని చెట్టును ఉంచుకోవడం కంటే నరికి పశువులను మేపుకోవడమే రైతుకు లాభం. గింజకు మళ్లీ ధర పలికితే ఆ లెక్క తారుమారవుతుంది. పండి రాలిన కాయలను ఏరుకోవచ్చు, చెట్టు మీద కత్తి పెట్టనక్కర్లేదు. నాటిన మొక్క కాపుకు రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది కనుక ఉన్న చెట్టే ఆస్తి. కానీ గింజలన్నీ ఏరుకుపోతే కొత్త మొక్కలెలా వస్తాయి? అడగవలసిన ప్రశ్నే. అడవిలో అగూటీ అనే ఎలుకజాతి జంతువు ఈ గింజలను పాతిపెట్టి, కొన్నింటిని మరిచిపోతుంది. అవే మొలకెత్తుతాయి. దాని వాటా దానికి వదలాలి. పచ్చికబయలులో పెద్ద చెట్లను మాత్రం మిగిల్చి, మొలకలను పశువులకు వదిలేస్తే అది సంరక్షణ కాదు, వాయిదా.

ఇంకో అభ్యంతరం కూడా ఉంది: దంతాన్ని పోలిన వస్తువు అసలు దంతానికి ముసుగవుతుందని. ఇది కొట్టిపారేయదగ్గది కాదు. ఏనుగు దంతాన్ని అడ్డంగా కోస్తే ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలు కనబడతాయి, టాగ్వాలో అవి ఉండవు. అయితే చిన్న పూస మీద ఆ తేడాను కొనేవాడెక్కడ పోలుస్తాడు? దీనికి ఈక్వెడార్ పనివాళ్ల దగ్గరే మందుంది. వాళ్లు గింజకు ఎరుపు, పచ్చ, నారింజ రంగులు అద్దుతారు. గింజ రంగును బాగా పీలుస్తుంది. నన్నడిగితే కొనదగ్గది ఆ రంగుల పూసే. దాన్ని చూసి దంతమని ఎవరూ పొరబడరు.