సివిలిజేషన్ క్రీడయందలి నాయకలక్షణము

ధాతు వొక్కటియే యైనను ఉపసర్గ మాఱినతోడనే అర్థము మాఱును. హృఞ్ ధాతువునుండియే ఆహారము, విహారము, సంహారము పుట్టినవి. కంప్యూటరుపై వంతులప్రకార మాడెడి రాజ్యతంత్రక్రీడలలో మిక్కిలి ప్రసిద్ధమైన సివిలిజేషన్ యొక్క ఆఱవ భాగమున దేశమునకును నాయకునకును గల సంబంధ మిట్టిదే. 1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ యనువారు నిర్మించిన మొదటి భాగమునందును నాయకులు గలరు. కాని ఆడువానికి వారు పేరును చిత్తరువును మాత్రమే. స్వభావభేదము యంత్రము నడపెడి ప్రతిపక్షరాజులకే యుండెను. 2016లో వెలువడిన ఆఱవ భాగమున నట్లు గాదు. దేశమున కొక శక్తియు నాయకున కొక శక్తియు వేఱువేఱుగ విధింపఁబడినవి.

ఈ రెంటిలో ఏ ఫల మేదానివలనఁ గలిగినదో తెలియుటకు శాబ్దికుల అన్వయవ్యతిరేకపద్ధతియే శరణ్యము. ఒక యంశము నిలిచి మఱియొక యంశము మాఱినపుడు ఏ యర్థము పోయి ఏ యర్థము వచ్చెనో చూడవలెను. అందులకుఁ దగిన ఉదాహరణము భారతదేశమే. మొదట దీనికి గాంధి యొక్కఁడే నాయకుఁడు. 2018లో ‘రైజ్ అండ్ ఫాల్’ అను అనుబంధముతోఁ జంద్రగుప్తమౌర్యుఁడు రెండవవాఁడుగఁ జేరెను.

వరు అను పేరి గజదళము ఇరువురకును సమానమే. (వారణము, దంతి మొదలగు ప్రసిద్ధశబ్దము లుండఁగా ఈ పేరు పెట్టుట రుచింపదు.) ఈ యేనుఁగు ఒక్క వంతున రెండు గడులే నడవఁగలదు, తన ప్రక్కగడులందున్న శత్రుదళముల బలమును ఐదేసి తగ్గించును. గాంధిపక్షమున నాడువాఁడు దీనిని బట్టణసమీపమునఁ గావలికి నిలుపుకొనును. చంద్రగుప్తునకో, ‘అర్థశాస్త్రము’ అను శక్తి గలదు. ‘మిలిటరీ ట్రెయినింగ్’ అను దశ చేరినతోడనే యతఁడు సమీపరాజ్యముపై భూవిస్తారయుద్ధమును బ్రకటింపవచ్చును. ఇతరులు ‘మొబిలైజేషన్’ దశవఱకు వేచియుండవలెను. ప్రకటించిన పిదపఁ బది వంతులవఱకు ఆతని దళములకు రెండు గడుల నడకయు ఐదు పాళ్ల బలమును హెచ్చును. అనఁగా రెండు గడుల యేనుఁగు నాలుగు గడులు పరుగెత్తును. ఏనుఁగు మాఱలేదు, మావటివాఁడు మాఱెను.

ఇందు గమనింపవలసిన దేమనఁగా, యుద్ధము చేయుమని చంద్రగుప్తపక్షము వానిని ఎవ్వరును ఆజ్ఞాపింపలేదు. అయినను పది వంతులే యను గడువు ముహూర్తమువలె పనిచేయును. ఆడువాఁడు ముందుగనే పొరుగువాని పొలిమేరకుఁ జేరువగాఁ బట్టణములు కట్టును. దళముల నన్నిటిని సరిహద్దునకుఁ జేర్చి, మార్గములు చూచుకొని, అప్పుడు గాని యుద్ధమును బ్రకటింపఁడు. విధివాక్యము లేకయే ప్రవృత్తి కలిగినది. నాయకలక్షణము సఫలమగుట యనఁగా నిదియే. యంత్రము చేతిలోనున్న చంద్రగుప్తుఁడు తన చెంతఁ బట్టణములు గలవారిని ద్వేషించుటయు, సరిహద్దురాజును శత్రుస్థానమున నుంచిన కౌటిల్యుని మండలసిద్ధాంతమునకు సరిపోవుచున్నది. కాని పేరు మాత్రము పెద్దది. షాడ్గుణ్యమున విగ్రహము, యానము అను రెంటినే తీసికొని దానికి అర్థశాస్త్రమని పేరిడుట అవ్యాప్తి. సంధివిగ్రహములకు ఫలము సమానమైనచో సంధినే యాశ్రయింపవలెనని కౌటిల్యుఁడు స్పష్టముగఁ జెప్పియున్నాఁడు.

గాంధివిషయమున దోషము దీనికి విపరీతము. ఆతని శక్తికి ‘సత్యాగ్రహము’ అని పేరు. మతమును స్థాపించి యుద్ధమున లేక యున్న ప్రతిరాజ్యమునకును, తన రాజ్యముతోఁ గూడ, ఐదేసి చొప్పున భక్తి యను ధనము వంతువంతునకును వచ్చును. ఆతనితోఁ బోరువారికి యుద్ధనిర్వేదము ఇనుమడించును. ఈ రెండవది మిక్కిలి యుచితమైన కల్పన. ఎదిరి సేనను జంపక, ఎదిరి ప్రజల మనస్సునే యుద్ధమునుండి మరలించుట సత్యాగ్రహస్వరూపమునకు దగ్గఱ. కాని సూత్రమున నొక విశేషణము లోపించినది. యుద్ధము నెవ్వరు ప్రకటించిరను భేద మందు లేదు. తానే పైఁబడి పొరుగుదేశమును ముట్టడించిన గాంధికిని ఈ ఫలము దక్కును. ఆత్మక్లేశము లేక, హింసాపరిత్యాగము లేక, ఫలము మాత్ర మున్నది. లక్ష్యమును దాఁటి యలక్ష్యమునఁ బ్రవర్తించిన లక్షణ మిది. అంతే కాదు, శాంతివలన నార్జించిన భక్తిధనముతో, ‘గ్రాండ్ మాస్టర్స్ చాపెల్’ అను కట్టడ మున్నచో, సైనికులనే కొనవచ్చును! నేర్పరులు ఈ మార్గమున గాంధిచే దిగ్విజయము చేయించుట యాశ్చర్యము గాదు. తప్పు వారిది గాదు, సూత్రకారులది.

గాంధి పేర నొక ప్రవాదము కూడఁ గలదు. మొదటి భాగమున ఆతని యుద్ధాసక్తి ఒకటియే యనియు, ప్రజాప్రభుత్వము స్వీకరింపఁగానే అందుండి రెండు తగ్గి, గణకదోషమున 255 అయ్యెననియు, అందుచే అణ్వస్త్రములు కురిపించెననియుఁ జెప్పుదురు. 2020లోఁ బ్రకటించిన స్వీయకథలో మైయర్ దీనిని నిరాకరించెను. 2010 నాఁటి ఐదవ భాగమున అణ్వస్త్రాసక్తికి 12 అను అంక నిడుట మాత్రము బుద్ధిపూర్వకమైన పరిహాసము. నవ్వుట కభ్యంతరము లేదు. ఆడువాని నడవడి కిది యేమియు నేర్పదు.

2019లో ‘గ్యాదరింగ్ స్టార్మ్’ అను అనుబంధముతో వచ్చిన ఎలియనార్ రాణివిషయమున నుపసర్గయే నిలిచి ధాతువు మాఱును. ఆమె ఫ్రాన్సు నైనను ఇంగ్లండు నైనను ఏలవచ్చును. ఆమె పట్టణములందలి మహాకళాకృతు లొక్కొక్కటి తొమ్మిది గడులలోని పరపట్టణముల రాజభక్తిని ఒక్కొక్క పాలు తగ్గించును. ఫ్రాన్సున మహానిర్మాణములకు దేశశక్తియే తోడ్పడును. ఇంగ్లండున ఇనుమును బొగ్గును త్రవ్వి, యంత్రశాలలు గట్టి, ఆ పిదపఁ గళకు రావలెను. సాధ్య మొక్కటి, సాధనములు రెండు. ఆమె నిజముగ 1137 నుండి 1152 వఱకు ఫ్రాన్సునకును, 1154 నుండి ఇంగ్లండునకును రాణి గనుక ఇచ్చట యోగ్యత చెడలేదు.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ఏడవ భాగమున ఆ యోగ్యతయే విడువఁబడినది. ఏ నాయకుఁడైనను ఏ దేశమునైనను ఏలవచ్చును. పైగా వెలువడిననాఁటి నియమముచొప్పున యుగము మాఱినపుడెల్ల దేశము మాఱెడిది, నాయకుఁడు నిలిచెడివాఁడు. నిప్పుతోఁ దడుపుచున్నాఁడను వాక్యమువలె నున్న కలయికలు పెక్కు. అయినను ఒక గుణ మొప్పుకొనవలెను: నాయకుఁడే స్థిరుఁ డగుటచే ఆడువాని రీతి యుగాంతమునఁ దెగిపోక సాగును. ఈ భాగమున అశోకునకు రెండు రూపములు. లోకపరిత్యాగి యగు అశోకునకుఁ బ్రజల సంతోషము అన్నముగాఁ బరిణమించును. లోకజేత యగు అశోకునకు అదియే ఉత్పత్తిగాఁ బరిణమించును. కళింగవిజయమును దానివలని పరితాపమును దెలుపు పదమూఁడవ శాసనమును కర్నూలుమండలపు టెఱ్ఱగుడిలో నేఁటికిని జూడవచ్చును. అందు జయము ముందు, పరితాపము పిదప, అది క్రమము. క్రీడానిర్మాత లా క్రమమును వికల్పముగఁ జేసిరి. ఆడువాఁడు మొదటి వంతునకు ముందే యొక రూపము నెన్నుకొని కడవఱకు దానితోనే యుండవలెను. కళింగమును జయించి ఆ మీఁదట మాఱిన యశోకుఁ డిందు లేఁడు.