దవాఖానలో పేరు అడిగితే

తెలంగాణలో జనం ఆసుపత్రిని ఇప్పటికీ దవాఖాన అనే అంటారు. 2018లో హైదరాబాద్‌లో మొదలైన బస్తీ దవాఖానల పేరులోనూ ఆ మాటే ఉంది. హిందువు నోటా ముస్లిం నోటా ఒకేలా పలికే మాట అది. మా ఉర్దూ మాట అందరిదైంది, సంతోషమే. మరి ఓ.పి. చిట్టీ మీద మా పేరు చదవగానే కొన్ని చూపులు ఎందుకు మారతాయి?

ఇదంతా మా అనుమానం అనేవాళ్లున్నారు. 2021లో ఆక్స్‌ఫామ్ ఇండియా సర్వేలో 33 శాతం ముస్లింలు ఆసుపత్రిలో మతం కారణంగా వివక్ష చూశామన్నారు. కులం కారణంగా చూశామన్న ఆదివాసులు 22 శాతం, దళితులు 21 శాతం. ఇంతమందికి ఒకేసారి అనుమాన రోగం పట్టుకుందా?

2020 ఏప్రిల్‌లో మీరట్‌లోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి పేపర్లో ప్రకటనే వేయించింది. కరోనా లేదని పరీక్ష చూపిస్తేనే కొత్త ముస్లిం రోగుల్ని చేర్చుకుంటుందట! వైరస్‌కు మతం అంటగట్టిన రోజులవి. గొడవయ్యాక క్షమాపణ చెప్పారు. కానీ నోటితో చెప్పకుండా, చూపుతో, విసుగుతో, 'మీవాళ్లింతే' అన్న మాటతో రోజూ వేసే ప్రకటనలకు క్షమాపణ ఎవరు చెప్పాలి?

తెల్లకోటు వేసుకుంటే ఈ బాధ తప్పుతుందా? పాయల్ తడ్వీ తడ్వీ భిల్లు తెగ బిడ్డ. అంటే ఆదివాసీ, ముస్లిం కూడా. ముంబైలో గైనకాలజీ పి.జి. చదువుతూ 2019 మే 22న ప్రాణం తీసుకుంది. కులం పేరుతో వేధించారని సీనియర్ డాక్టర్ల మీద కేసు నమోదైంది. తోటి డాక్టరుకే ఇజ్జత్ దొరకని చోట, చదువురాని రోగికి దొరుకుతుందని ఎట్లా నమ్మాలి? రోగికి జరిగే అవమానం, సిబ్బందికి జరిగే అవమానం వేరువేరు కావు.

చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల పేర్లు చెప్పింది. ఆసుపత్రి పేరు చెప్పలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆసుపత్రిని చేర్చింది. కానీ అది మతం పేరుతో గెంటేసిన ముస్లింకు అక్కరకు రాదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో వివక్ష లేని వైద్యం ఒక హక్కు. ఆ పత్రం ఎంతమంది రోగుల కంటబడింది?

'మన దవాఖానలు మనమే కట్టుకుందాం' అని మనలో కొందరంటున్నారు. కట్టుకోవచ్చు. కానీ సర్కారు దవాఖాన మన పన్నులతో కూడా నడుస్తోంది. దాన్ని వదిలి రావడమంటే, వెళ్లిపొమ్మన్నవాడి మాట నెగ్గించడమే. ఆ హక్కుల పత్రాన్ని తెలుగులో, ఉర్దూలో ప్రతి ఆసుపత్రి గోడ మీద రాయించాలి. ఫిర్యాదు ఎవరికివ్వాలో, ఎన్ని రోజుల్లో జవాబిస్తారో దాని కిందే రాయాలి. రోగి ఇచ్చినా, నర్సు ఇచ్చినా, ఆ ఫిర్యాదుకు రశీదు ఇవ్వాలి. మేం అడిగేది దయ కాదు, రశీదు.