బీరువా వెనక గోడ

శ్రావణంలో ముసురు పట్టిందంటే మా ఇంట్లో నేను ముందు చూసేది బీరువా వెనక గోడ. దానికి అవతల బాత్‌రూమ్, ఇవతల ఎండ సోకని మూల. బీరువాను గోడకు ఆనించి పెడితే గాలి కూడా ఆడదు, నల్ల చుక్కలు అక్కడే మొదలవుతాయి. అందుకే బీరువాను జానెడు ముందుకు జరిపేశాను. గది ఇరుకైపోయిందని ఇంట్లోవాళ్ల సణుగుడు ఇంకా తగ్గలేదు.

బూజుకి ఏం మందు కొట్టాలని చాలామంది అడుగుతారు. మందుకంటే ముందు నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడాలి. పైపు చెమరుస్తుందా, సన్‌షేడ్ దగ్గర పగులుందా, వానాకాలమని తడిబట్టలు గదిలోనే ఆరేస్తున్నామా? గదిలో గాలి తేమ 60 శాతం లోపు ఉంటే బూజుకి బతుకు కష్టం. మన కోస్తాలో వానల్లో అది తరచూ 80 దాటుతుంది కాబట్టి, గోడకు అదనంగా చెమ్మ అందకుండా చూసుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్నది.

బ్లీచింగ్ కొడితే మచ్చ తెల్లబడుతుంది, అక్కడితో పనైపోయిందనుకుంటాం. చచ్చిన బూజు కూడా తుమ్ములూ ఆయాసమూ తెప్పిస్తుంది, దాన్ని తుడిచి తీసేయాల్సిందే. బ్లీచింగ్‌ను మామూలు పద్ధతిగా వాడమని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ కూడా చెప్పదు. పైగా బాత్‌రూమ్ యాసిడ్‌తోనో వెనిగర్‌తోనో అది కలిసిందంటే వచ్చేది క్లోరిన్ వాయువు.

నేను వాడేది సబ్బు నీళ్లు, పాత గుడ్డ. కిటికీలు తెరిచి, ఫ్యాన్ ఆపి, ముక్కుకి ఎన్95 మాస్కు, చేతులకి తొడుగులు వేసుకుంటాను. పొడి చీపురు మాత్రం ముట్టను. చీపురుతో గీరితే ఆ పొడి ఇల్లంతా లేస్తుంది. తడిగుడ్డతో రుద్ది, మంచినీళ్లతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, అప్పుడు ఫ్యాన్ వేస్తాను. ఆ గుడ్డ చెత్తబుట్టలోకే. రంగు పెచ్చులు లేస్తుంటే ఇంకో జాగ్రత్త ఉంది: ఇళ్ల రంగుల్లో సీసానికి మన దేశంలో గట్టి హద్దు పెట్టింది 2017లో. అంతకుముందు వేసిన రంగును పొడిగా గీకకూడదు.

వెనిగర్ టైల్స్ మీద బాగానే పనిచేస్తుంది. కడప బండ, తాండూరు బండ, పాలరాయి మీద మాత్రం వద్దు. అవన్నీ సున్నపు జాతి రాళ్లు, పులుపు వాటిని తినేస్తుంది. నిమ్మచెక్కకీ అదే మాట. సాంబ్రాణి పొగ ముక్కవాసనను కప్పుతుంది, అంతే.

పాతకాలం గోడలకు ఏటా పండక్కి సున్నం వేసేవాళ్లు. సున్నపు క్షారంలో బూజు బతకలేదు, పైగా గోడలోని తడి బయటికి పోతుంది. గాలి తగిలే కొద్దీ ఆ క్షారం తగ్గిపోతుంది కాబట్టి ఏటేటా కొత్త పూత కావాల్సిందే. ఇప్పుడు పుట్టీ పెట్టి, మీద ప్లాస్టిక్ రంగు వేసి నునుపు చూసి మురుస్తున్నాం. లోపలి తడికి దారి లేక ఆ రంగే బుడగలై లేస్తోంది. మళ్లీ సున్నం వేద్దామన్నా ఆ రంగు మీద అది పట్టదు. నా మటుకు నాకు, కనీసం స్టోర్‌రూమ్ గోడనైనా సున్నానికి వదిలేయాలని ఉంటుంది.

ఇదంతా చిన్న మచ్చల సంగతి. మచ్చ పది చదరపు అడుగులు దాటినా, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నా ఈ పని సొంతంగా పెట్టుకోకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. తడిసిన వస్తువు ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు అందుకుంటుంది. స్టీలు సామానూ ప్లాస్టిక్ కుర్చీలూ కడిగితే దక్కుతాయి. ప్లైవుడ్ అల్మారా, పరుపు దక్కవు. బూరుగుదూది పరుపైతే విప్పి ఎండేసి, మళ్లీ ఏకించి కుట్టించుకుందామని పెద్దవాళ్లకి ఆశ ఉంటుంది. ఏకేటప్పుడు లేచే దుమ్ములో ఉండేది ఆ బూజే, దాన్ని పీల్చేది ఏకేవాడు.