తప్పు వాదానికి తెలుగు పేర్లు: దోషనిర్దేశమా, దోషారోపణమా?

తెలుగు సాహిత్య చర్చలలో ఎదుటి పక్షాన్ని తోసిపుచ్చడానికి కుతర్కం, వితండవాదం, పిడివాదం, మొండివాదం వంటి మాటలు విరివిగా వినిపిస్తాయి. ఇవి వాదంలో దోషం ఉన్నదని చెబుతాయి గాని, అది ఎక్కడ ఉన్నదో చెప్పవు. మొండితనం, పిడిపట్టు వాది స్వభావానికి చెందినవి. అతడు చూపిన హేతువుకు చెందినవి కావు. హేతువును పరీక్షించవలసిన చోట మనిషిని తూచడం ఈ పదాల వాడుకలోనే ఇమిడి ఉన్నది.

గౌతముని న్యాయసూత్రాలు పేర్కొన్న 16 పదార్థాలలో చివరి ఏడు వాదం, జల్పం, వితండ, హేత్వాభాసం, ఛలం, జాతి, నిగ్రహస్థానం. ఇవన్నీ చర్చావ్యవహారానికి సంబంధించినవే. వీటిలో హేత్వాభాసం అంటే హేతువులా కనిపిస్తూ హేతువు కానిది. దాని భేదాలకు పెట్టిన పేర్లు ఆ హేతువు ఎందుకు చెల్లదో కూడా సూచిస్తాయి. సాధ్యం లేని చోట కూడా ఉండే హేతువు సవ్యభిచారం. సాధ్యానికి వ్యతిరేకమైన దానినే నిరూపించే హేతువు విరుద్ధం. ఈ పేర్లలో వాది గుణగణాల ప్రసక్తి లేదు.

వాడుక తెలుగులో ఈ పరిభాష గణనీయంగా మారింది. సాదృశ్య వైసాదృశ్యాల ఆధారంగా చేసే తప్పు ప్రతివాదం అనే అర్థంలో 'జాతి' శాస్త్రగ్రంథాలకే పరిమితమైంది. తత్త్వనిర్ణయం కోసం ఇరుపక్షాలు జరిపే చర్చ 'వాదం'. అభ్యుదయవాదం, స్త్రీవాదం వంటి సమాసాలలో అది ఒక దృక్పథానికి పేరైంది. అన్నిటికంటే ఎక్కువగా నష్టపోయినది 'వితండ'. స్వపక్షాన్ని స్థాపించకుండా పరపక్షాన్ని ఖండించే కథ వితండ అని న్యాయసూత్రాల నిర్వచనం. తెలుగులో అది అర్థంపర్థం లేని మొండి వాదనగా స్థిరపడింది. శ్రీనాథుడు తెనిగించిన నైషధకావ్యానికి కర్త అయిన శ్రీహర్షుడే ఖండనఖండఖాద్యంలో ఈ ఖండనపద్ధతిని ఒక దర్శనసాధనంగా నడిపాడు. ప్రత్యామ్నాయం చూపనంత మాత్రాన ఖండన చెల్లకుండా పోదు. విమర్శకుణ్ణి 'నీ సిద్ధాంతమేమిటి?' అని నిలదీసి అతని ఆక్షేపణను వితండగా కొట్టివేసేవారు ఈ భేదాన్ని విస్మరిస్తున్నారు.

అయితే తెలుగుకు దోషనిర్దేశశక్తి లేదనడం సరికాదు. ఆ శక్తి పారిభాషిక పదాలలో కంటే సామెతలలో ఎక్కువగా నిలిచింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాని సమాధానంలో, చెప్పిన కారణం చెప్పిన చోట లేనే లేదు. అన్నంభట్టు తర్కసంగ్రహంలోని అసిద్ధాన్ని ఇది తలపిస్తుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడంలో వ్యాప్తి లోపించింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనడంలో ప్రమాణవిరుద్ధమైన మాటను పరీక్షించకుండా అంగీకరించడమనే దోషం ఉన్నది. ఇది బాధితానికి దగ్గరిది. ఈ సామ్యాలు పూర్తి సమానార్థకాలు కావు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే సామెత మళ్లీ మనిషి పట్టుదల మీదికే పోతుంది. అయినా మొదటి మూడూ తప్పిన మెట్టును వేలుపెట్టి చూపుతాయి.

ఈ చూపు సాహిత్య విమర్శకు అత్యవసరం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలుననే న్యాయం ప్రకారం, ఒక ఖండికను ఉదహరించి కవి దృక్పథమంతటినీ నిర్ణయించే పద్ధతి విమర్శలో ఉన్నది. ఒకే కుండలో, ఒకే నీటిలో, ఒకే మంట మీద ఉడికినందువల్ల మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. దశాబ్దాల కాలంలో, భిన్న సందర్భాలలో వచ్చిన రచనలకు ఆ ఏకరూపత లేదు. ఈ నిర్ణయాన్ని కుతర్కమంటే ఇరుపక్షాలకూ కోపమే మిగులుతుంది. హేతువు సవ్యభిచారమనీ, ఆ లక్షణం ఒక ఖండికలో ఉండి తక్కిన రచనలలో లేకపోవచ్చుననీ చెబితే, ఆ విమర్శకుడు మరిన్ని ఉదాహరణలు చూపడానికో, నిర్ణయాన్ని కుదించుకోవడానికో అవకాశం ఏర్పడుతుంది.

కాబట్టి కుతర్కం, వితండవాదం అనే మాటలను బహిష్కరించనక్కరలేదు. వాటిని తీర్పుగా కాక ప్రతిజ్ఞగా భావించవలసి ఉన్నది. ప్రతిజ్ఞ చేసినవారు హేతువునూ చూపాలి. ఏ హేతువు, ఏ కారణం చేత చెల్లదో చెప్పకుండా ఎదుటివారిది కుతర్కమనడం కూడా హేతువు లేని వాదమే అవుతుంది.