ఆఖరి రెండున్నర అడుగులు

1970 బ్రిటిష్ ఓపెన్ గోల్ఫ్. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, 18వ హోల్. డగ్ శాండర్స్ బంతికీ హోల్‌కీ మధ్య దూరం రెండున్నర అడుగులు. అది పడితే టైటిల్ ఆయనదే. బంతిని హోల్‌లోకి దొర్లించే కర్ర, అంటే పటర్, పట్టుకుని నిలబడ్డాక దారిలో ఏదో నలుసు కనబడింది. వంగి తీసేశాడు. అలా కదిలినవాడు వెనక్కి జరిగి, మళ్లీ మొదటి నుంచి కుదురుగా నిలబడాల్సింది. నిలబడలేదు. ఉన్నచోటు నుంచే కొట్టేశాడు. బంతి కుడిపక్కగా జారిపోయింది. మర్నాడు జరిగిన ప్లేఆఫ్‌లో జాక్ నిక్లాస్ ఒక్క స్ట్రోక్ తేడాతో గెలిచాడు.

మూడు వందల గజాల డ్రైవ్‌కీ ఒక స్ట్రోకే, రెండున్నర అడుగుల పట్‌కీ ఒక స్ట్రోకే. ఈ లెక్క అందరికీ తెలుసు. అయినా నేర్చుకునేవాళ్లు బకెట్ల కొద్దీ బంతులు బాదుతారు, పటింగ్ గ్రీన్ మీద పది నిమిషాలు మొక్కుబడిగా గడిపి కారెక్కుతారు. నేనూ ఆ బాపతే. గురి కుదిరితే చాలు, పట్ దానంతటదే పడుతుందని చాలాకాలం అనుకున్నాను. అది తప్పు. పటింగ్‌లో ముందు నేర్వాల్సింది వేగం.

ఇది బాగా తెలిసినవాళ్లు అదే సెయింట్ ఆండ్రూస్‌లో ఉన్నారు. ఓల్డ్ కోర్స్ పక్కనే మిట్టపల్లాలతో నిండిన పటింగ్ మైదానం ఒకటుంది. ఆ మిట్టల్ని చూసి దానికి ‘హిమాలయాస్’ అని పేరు పెట్టుకున్నారు. 1867లో ఆడవాళ్ల కోసం మొదలైన పటింగ్ క్లబ్‌ది ఆ మైదానం. కర్రను భుజం దాటించి ఊపడం ఆడవాళ్లకు తగని పని అని ఆనాటి పెద్దమనుషుల తీర్పు. సరే, భుజం దాటని ఆటే ఆడతామన్నట్టుగా వాళ్లు పటింగ్‌ను పట్టుకున్నారు. ఆనాటి గోల్ఫ్ దిగ్గజం ఓల్డ్ టామ్ మోరిస్ వాళ్లకు మైదానం తీర్చిదిద్దాడు. అక్కడ సూటిగా పోయే పట్ దొరకడం అరుదు. బంతి మిట్ట ఎక్కాలి, దిగాలి, వంపు తిరగాలి. గట్టిగా కొడితే ఒక దారి, మెల్లగా కొడితే ఇంకో దారి. వేగం తేల్చుకోకుండా గురి చూడటం కుదరదు. ఇంట్లో కార్పెట్ మీద ఎన్నేళ్లు సాధన చేసినా ఈ పాఠం రాదు.

హోల్ వెడల్పు నాలుగుంపావు అంగుళాలు. నిదానంగా వచ్చిన బంతికి ఆ వెడల్పంతా పనికొస్తుంది, అంచు తాకినా లోపలికి ఒరుగుతుంది. దూసుకొచ్చిన బంతికి నడిమధ్య మాత్రమే పనికొస్తుంది. గోళీలాడిన ఎవరికైనా ఇది కొత్త కాదు, గట్టిగా కొట్టిన గోళీ గుంత మీంచి దూకిపోతుంది. అలాగని మరీ మెత్తగా కొట్టినా చిక్కే. ఒకప్పుడు నాసాలో పనిచేసి, తర్వాత గోల్ఫ్ బోధనకు వచ్చిన డేవ్ పెల్జ్ పరీక్షలు చేసి ఒక కొలత చెప్పాడు: హోల్ అక్కడ లేదనుకుంటే, దాన్ని దాటి సుమారు 17 అంగుళాలు వెళ్లి ఆగేంత వేగం ఉండాలని.

ఇక దిశ. బంతి ఎటు బయల్దేరాలో చాలావరకు నిర్ణయించేది తగిలే క్షణంలో పటర్ మొహం ఎటు చూస్తోందన్నదే. పది అడుగుల దూరంలో ఒక్క డిగ్రీ తేడా వస్తే బంతి రెండంగుళాల పైచిలుకు పక్కకు పోతుంది, అంటే సరిగ్గా హోల్ అంచుకు. ఇరవై అడుగుల్లో అదే తప్పుకు బంతి హోల్‌ను తాకకుండానే పోతుంది. అందుకే మణికట్లు బిగుసుకోకుండా, వంగకుండా, భుజాలతో లోలకంలా ఊపమంటారు.

అయితే ఈ ‘సరైన పద్ధతి’ని వేదవాక్కులా బోధించే కోచ్‌లంటే నాకు కొంచెం అనుమానం. దక్షిణాఫ్రికాకు చెందిన బాబీ లాక్ ఏ పాఠ్యపుస్తకమూ ఒప్పుకోని తీరులో, లోపలి నుంచి బయటకు ఊపుతూ పట్ చేసేవాడు. బ్రిటిష్ ఓపెన్ నాలుగుసార్లు గెలిచాడు. ఊపే తీరు ఎవరిది వాళ్లదే. బంతి తగిలేటప్పుడు మొహం, వేగం మాత్రం తప్పకూడదు.

అందరికీ ఒకేలా వర్తించేది చూపు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో జోన్ వికర్స్ గోల్ఫర్ల కంటిచూపును పరిశీలించింది. మంచి ఆటగాళ్లు కొట్టే ముందు బంతి మీద చూపు నిలుపుతారు, బంతి వెళ్లిపోయాక కూడా ఒక్క క్షణం అక్కడే ఉంచుతారు. మిగతావాళ్ల కళ్లు బంతికీ హోల్‌కీ మధ్య గెంతుతూ ఉంటాయి. దీనికి తేలికైన సాధన ఉంది. రూపాయి బిళ్ల మీద బంతి పెట్టి కొట్టండి. బంతి వెళ్లాక బిళ్ల కనబడాలి. పడిన చప్పుడు చెవికి వినబడేదాకా తల ఎత్తకూడదు. మొదటి రోజు నేను పదింటిలో ఏడుసార్లు ఎత్తేశాను.

వేగానికి ఇంకో సాధన: కళ్లు మూసుకుని కొట్టి, తెరవకముందే ‘తగ్గింది’, ‘ఎక్కువైంది’ అని పైకి చెప్పాలి. చేతికి తెలిసిందేమిటో అప్పుడు బయటపడుతుంది.

గ్రీన్‌ను చదవడం వేరే విద్య. మన లాంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా బెర్ముడా జాతి గడ్డి వేస్తారు. దాని మొగ్గు, అంటే పరకలు ఒరిగి ఉండే దిశ, బంతిని లాగుతుంది. బంతి వెనక నుంచి చూసినప్పుడు గడ్డి మెరిస్తే మొగ్గు హోల్ వైపే, బంతి పరుగెడుతుంది. నల్లగా కనబడితే ఎదురు. తెల్లారి తడి మీద నెమ్మదించిన గ్రీనే ఎండెక్కాక జారుతుంది. వాలు మీద బంతి ఎక్కువగా తిరిగేది చివర్లో, వేగం తగ్గాక. ఔత్సాహికులు వంపును తక్కువ అంచనా వేసి పల్లం వైపు తప్పిపోవడం ఇందుకే.

తప్పినందుకు మరీ బాధపడనక్కర్లేదు. ఎనిమిది అడుగుల నుంచి పీజీఏ టూర్ ఆటగాళ్లు కూడా సుమారు సగమే వేస్తారు. మూడడుగులవి మాత్రం వదలకూడదు, సాధనంతా అక్కడే పెట్టాలి.

స్కాట్లాండ్ వెళ్లే మనవాళ్లు ఓల్డ్ కోర్స్‌లో స్విల్కన్ వంతెన మీద ఫొటో దిగి వచ్చేస్తుంటారు. హిమాలయాస్ అక్కడికి దగ్గరే. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడొచ్చు, పటర్, బంతి వాళ్లే ఇస్తారు. ఈసారి ఓ గంట దానికి కేటాయించండి.